ఆటోమేటిక్ వాచీలో రోటర్ గరగర: మూత విప్పేముందు చప్పుడు వినండి

దేవరకొండ నుంచి అడిగారు కదా: మామయ్య ఇచ్చిన ఆటోమేటిక్ వాచీ ఈమధ్య చెయ్యి కదిపినప్పుడల్లా గరగరమంటోంది, టైమ్ మాత్రం కరెక్టుగానే ఉంది, వెనక మూత తీసి నాలుగు చుక్కల నూనె వేస్తే సరిపోతుందా అని. నూనె మాత్రం వేయకండి. నా వాచీకి కూడా ఇదే చప్పుడు వచ్చింది, నల్గొండలోనే బాగయింది. అందుకే కొంచెం వివరంగా రాస్తున్నాను.

వెనక మూత కింద అర్ధచంద్రాకారంలో ఒక బరువైన ముక్క ఉంటుంది. అదే రోటర్. చెయ్యి కదిలినప్పుడు దాని బరువంతా కిందికి జారుతూ తిరుగుతుంది. ఆ తిరుగుడుకి పళ్ళ చక్రాలు కదిలి వాచీని నడిపే మెయిన్ స్ప్రింగ్‌ను చుడతాయి. రోటర్ చేసే పని అంతే. టైమ్ లెక్క చూసేది బ్యాలెన్స్ చక్రం. కాబట్టి రోటర్ పాడైనా చాలా రోజులు టైమ్ సరిగ్గానే చూపించొచ్చు. టైమ్ బాగుంది కదా అని ఊరుకుంటే మాత్రం అసలు నష్టం అక్కడే మొదలవుతుంది.

ముందు అది ఎలాంటి చప్పుడో తేల్చుకోవాలి. రాత్రి ఫ్యాన్ ఆపేసి, వాచీ డయల్‌ను నేల వైపుకి తిప్పి, చెవి దగ్గర పెట్టుకుని మెల్లగా గుండ్రంగా తిప్పండి. ఒక వైపు తిప్పినప్పుడు నిశ్శబ్దంగా ఉండి, రెండో వైపు సుయ్యిమని వేగంగా తిరుగుతుంటే అది జబ్బు కాకపోవచ్చు. సిటిజన్ వాళ్ళ మియోటా 8215 మిషన్‌లో (మిషన్ అంటే వాచీ లోపలి యంత్రం) రోటర్ ఒక వైపు తిరిగినప్పుడే స్ప్రింగ్ చుట్టుకుంటుంది, రెండో వైపు ఖాళీగా తిరుగుతుంది. ఆ ఖాళీ తిరుగుడు చప్పుడు బాగా వినిపిస్తుంది. ఈ మిషన్ చాలా బ్రాండ్ల వాచీల్లో వస్తుంది కాబట్టి కొత్తగా కొన్నవాళ్ళు కూడా టెన్షన్ పడుతుంటారు. సీకో ఆటోమేటిక్ వాచీల్లో చాలావాటిలో అలా కాదు. 1959లో వాళ్ళు తెచ్చిన మ్యాజిక్ లివర్ పద్ధతి వల్ల రోటర్ ఎటు తిరిగినా స్ప్రింగ్ చుట్టుకుంటుంది. అందుకే ఒకే వైపు విపరీతంగా శబ్దం రావడం అందులో మామూలు విషయం కాదు. వెనక అద్దం మూత ఉన్నవాటిలో, కేసు పలచగా ఉన్నవాటిలో ఏ చప్పుడైనా కాస్త పెద్దగానే వినిపిస్తుంది.

మీరు గరగర అంటున్నారు, అదీ ఈమధ్యే మొదలైంది అంటున్నారు. కాబట్టి ఇంకో పరీక్ష చేయండి. వాచీని తిప్పకుండా, పైకీ కిందికీ కొద్దిగా కదపండి. టక్ టక్ అని కొట్టుకున్నట్టు వినిపిస్తే రోటర్‌కి ఆట, అంటే అటూ ఇటూ కదలిక, ఎక్కువైందని అర్థం. మధ్యలోని స్క్రూ వదులైనా కావచ్చు, బేరింగ్ అరిగినా కావచ్చు. లేదంటే మిషన్‌ను కేసులో కదలకుండా పట్టే ప్లాస్టిక్ రింగు పగిలి మిషన్ మొత్తం కదులుతూ ఉండొచ్చు. గీరుతున్నట్టు, ఇసుక నలిగినట్టు వినిపిస్తే ఆ వాచీని ఆ రోజు నుంచే పెట్టుకోకండి. రోటర్ అంచు వాలి వెనక మూతనో లోపలి ప్లేటునో రాసుకుంటూ ఉండొచ్చు. అలా రాలిన లోహపు పొడి నూనెలో కలిసి మిగతా చక్రాల ఇరుసుల్లోకి పోతుంది. స్క్రూ పూర్తిగా ఊడి బ్యాలెన్స్ మీద పడితే ఖర్చు ఎన్నో రెట్లు పెరుగుతుంది.

నాది కూడా జపాన్ వాచీనే, మా బావ దుబాయ్ నుంచి వస్తూ తెచ్చాడు. అప్పట్లో నేను బోరు బండి మీద పనిచేసేవాణ్ణి. మన వైపు బోర్లు ఎంత లోతుకి వేస్తారో మీకు తెలిసిందే, పొద్దంతా లివర్ల మీదే చెయ్యి. కొన్నాళ్ళకి గరగర మొదలైంది. ముందు ఒక షాపుకి తీసుకెళ్తే, మూత తీసి చూడకుండానే మిషన్ మొత్తం మార్చాలన్నారు. తర్వాత గడియారం సెంటర్ దగ్గర చిన్న టేబుల్ వేసుకుని కూర్చునే ఒక పెద్దాయన దగ్గరికి వెళ్ళాను. అందరూ చాచా అంటారు. ఆయన వాచీ చెవి దగ్గర పెట్టుకుని, "ఏం పని చేస్తవు బేటా?" అని అడిగారు. బోరు బండి అనగానే తల ఊపారు.

మూత తీసి, ముందు మిషన్ వైపు చూడలేదు. మూత లోపలి వైపు తిప్పి, కంటికి గ్లాసు పెట్టుకుని, నాకు కూడా చూపించారు. అక్కడ మెరుస్తూ ఒక వంపు గీత ఉంది. రోటర్ అంచు రాసుకున్న జాడ. మధ్య స్క్రూ వదులై రోటర్ ఒక పక్కకి వాలింది. బేరింగ్ గుండ్లు మాత్రం బాగానే ఉన్నాయి. ఆయన స్క్రూ బిగించి ఊరుకోలేదు. పొడి రాలింది కాబట్టి కడగకుండా ఇస్తే మళ్ళీ నా దగ్గరికే వస్తావన్నారు. రోటర్ తీసి, మిషన్ విప్పి కడిగి, నూనె పెట్టి, రెండు రోజులు తిప్పి చూసి ఇచ్చారు. కొత్త రబ్బరు రింగు కూడా వేశారు. ఆ తర్వాత బండి మీదికి సెల్లు వాచీ, పెళ్ళిళ్ళకీ ఊరికీ ఈ వాచీ అని విడదీసుకున్నాను. మీరు ట్రాక్టర్, డ్రిల్లింగ్ మిషన్ లాంటి వాటి మీద పనిచేస్తుంటే మీక్కూడా అదే చెప్తాను. రోజూ ఆ అదురు తగిలితే బిగించిన స్క్రూ అయినా మెల్లగా వదులవుతుంది.

బేరింగే పోయిందనుకోండి, దాన్ని బాగుచేయడం కష్టం. 1948లో స్విట్జర్లాండ్‌లోని ఎటర్నా కంపెనీ వాచీ రోటర్‌కి బాల్ బేరింగ్ తెచ్చింది. ఐదు గుండ్ల గుర్తు ఆ కంపెనీ ముద్ర అయింది. అంత చిన్న గుండ్లలో ఒక్కటి దెబ్బతిన్నా గరగర పోదు. సీకో 7ఎస్26 లాంటి మిషన్లలో బేరింగ్, రోటర్ కలిపి ఒకే పార్టుగా వస్తాయి కాబట్టి రోటర్ మార్చేయడమే సులువు. ఆ పార్టు హైదరాబాద్ నుంచి తెప్పించాల్సి వస్తుంది.

ఇక నూనె సంగతి. కొబ్బరి నూనె, కుట్టుమిషన్ నూనె, తుప్పు వదిలించే స్ప్రే, ఏదీ వద్దు. చాలా రోటర్ బేరింగులకి నూనె దాదాపు అక్కర్లేదు, పెట్టినా సూదిమొన మీద నిలిచేంత. ఎక్కువైతే దుమ్ము పట్టి జిగురుగా మారుతుంది. పైగా అది పాకి, బ్యాలెన్స్ చక్రాన్ని ఆడించే సన్నని హెయిర్ స్ప్రింగ్‌కి అంటితే చుట్లు ఒకదానికొకటి అతుక్కుని వాచీ ఫాస్ట్ అవుతుంది. అప్పుడు మీకు ఇప్పుడున్న మంచి టైమ్ కూడా పోతుంది.

మీరే స్క్రూ బిగిస్తానంటే వద్దనను, కానీ వదులుగా ఉందని కళ్ళతో చూశాకే చేయండి. టేబుల్ మీద తెల్లగుడ్డ పరచండి, ఫ్యాన్ ఆపండి. స్క్రూ గాడికి సరిగ్గా పట్టే డ్రైవర్ వాడండి, సన్నదైతే జారి ప్లేటు మీద గీత పడుతుంది. రోటర్ కదలకుండా వేలితో మెత్తగా పట్టుకుని, స్క్రూ ఆగేదాకా తిప్పి అక్కడితో వదిలేయండి. బలం పెట్టకూడదు. స్క్రూ తల మీద ఒకటి కాకుండా మూడు గాట్లు ఉంటే ఆగండి, అది సాధారణంగా ఎడమ మర, మామూలు వైపు తిప్పితే ఊడుతుంది. లోపల నోటితో ఊదకండి, తుంపర తుప్పు పట్టిస్తుంది. మూతకి గీత కనబడినా, పొడి కనబడినా మళ్ళీ మూసి మెకానిక్ దగ్గరికే వెళ్ళండి. ఒకసారి మూత తీశాక వాటర్ ప్రూఫ్ అనే నమ్మకం పెట్టుకోవద్దు. రబ్బరు రింగు మార్పించి, ప్రెషర్ టెస్ట్ చేయించేదాకా ఆ వాచీతో సాగర్ నీళ్ళలో దిగకండి.

నల్గొండ అయినా మహబూబ్‌నగర్ అయినా ఇప్పుడు చాలా షాపుల్లో సెల్లు, బెల్టు మార్చే పనే ఉంది. వెళ్ళగానే "ఆటోమేటిక్ విప్పి కడుగుతారా?" అని అడగండి. మీ ముందే మూత తీసి, దేనివల్ల చప్పుడు వస్తోందో చూపించేవాళ్ళకే ఇవ్వండి.

వాచీ వెనక మూత మీద ఉన్న నంబర్లు, చప్పుడు ఒక వైపు వస్తోందా రెండు వైపులా వస్తోందా, రాత్రి తీసి పెడితే పొద్దున్నదాకా నడుస్తోందా, ఈ మూడూ రాయండి. మంచి 7ఎస్26 అయితే నిండుగా చుట్టుకున్నాక 40 గంటలు నడవాలి. రాత్రికే ఆగిపోతుంటే రోటర్ తిరుగుతోంది గానీ స్ప్రింగ్ సరిగ్గా చుట్టుకోవట్లేదేమో, అప్పుడు స్క్రూ ఒక్కటే చూస్తే సరిపోదు.