తీర్పు చదివాకే నాయనను అడుగు

అమ్మాయీ,

నీ ఉత్తరం నిదానంగా చదివాను. ఇన్నేళ్ళూ కువైట్‌లో ఉన్నాడనుకున్న మీ నాయన నిజానికి హత్య కేసులో శిక్ష పడి కడప సెంట్రల్ జైల్లో ఉండి వచ్చాడని, బీరువాలో దొరికిన పెరోల్ కాగితం జిరాక్స్ చూసి తెలుసుకున్నావు. నిద్ర పట్టకపోవడంలో వింతేముంది? మన జిల్లాలో కువైట్ పోనివాళ్ళు లేని వీధి ఉండదు కాబట్టి ఆ మాట ఎవరికీ అనుమానం కలిగించలేదు. నాయన లీవు మీద వచ్చాడని నువ్వు సంబరపడినవి పెరోల్ రోజులని, ఆయన తెచ్చాడనుకున్న నీడో పాలపొడి డబ్బా, టైగర్ బామ్ మీ అమ్మ కడపలోనే ఫారిన్ సామాన్ల అంగట్లో కొన్నదని రాశావు. ఉత్తరం మొత్తంలో నీ కోపం బాగా కనిపించింది అక్కడే. హత్య గురించి రాసినప్పుడు కూడా అంత కోపం లేదు.

అందుకే చెప్తున్నా. ఆయన చేసిన నేరం ఒకటి, ఇంట్లో నీకు చెప్పిన అబద్ధం ఇంకొకటి. రెండింటినీ ఒకే మూట కట్టి నెత్తిన పెట్టుకోకు. నేరం సంగతి కోర్టు కాగితాల్లో ఉంటుంది. అబద్ధం సంగతి మీ అమ్మను అడగాలి.

నాయనను మాత్రం ఇప్పుడే నిలదీయొద్దు. ముందు తీర్పు చదువు. ఊళ్ళో అడిగితే ఒకరు అన్యాయంగా ఇరికించారంటారు, ఇంకొకరు నరికింది ఆయనే అంటారు. ఏదీ పట్టించుకోకు. కోర్టులో ఇన్నేళ్ళు వకీలుగా పనిచేసినదాన్ని, గుంపు కేసులు ఎట్లుంటాయో నాకు తెలుసు. వేటకొడవలి పట్టినవాడికీ, ఆ గుంపులో కలిసి పోయినవాడికీ పాత శిక్షాస్మృతి 149 సెక్షన్ కింద ఒకే శిక్ష పడొచ్చు. మీ నాయన ఎన్నో ముద్దాయి, ఆయన ఏం చేశాడని సాక్షులు చెప్పారు, వాళ్ళలో ఎవరు ముందు చెప్పిన మాట మార్చి ఎదురు తిరిగారు, ఎవరి మాటను జడ్జి నమ్మాడు, అన్నీ తీర్పులో ఉంటాయి.

ఆ పెరోల్ కాగితంలో కేసు నంబరు, సంవత్సరం, కోర్టు పేరు ఉన్నాయేమో చూడు. ఈ-కోర్టుల వెబ్‌సైట్‌లో పాత కేసులు అన్నీ దొరకవు. దొరక్కపోతే శిక్ష వేసిన సెషన్స్ కోర్టులో కాపీ అప్లికేషన్ పెట్టాలి. నువ్వు కేసులో పార్టీవి కావు కాబట్టి ఎందుకు కావాలో రాయాల్సి ఉంటుంది. కూతురినని రాయి, సిగ్గుపడాల్సిన పని లేదు. హైకోర్టులో అప్పీలు వేసుంటే ఆ తీర్పు కూడా కావాలి. 2019 జనవరి 1కి ముందు తేలిపోయిన అప్పీలైతే అది హైదరాబాద్ హైకోర్టు ఇచ్చిన తీర్పు. వకీలు ఫీజు గురించి దిగులొద్దు. 1987 నాటి న్యాయ సేవల చట్టం ప్రకారం ఆడవాళ్ళకు ఆదాయంతో పనిలేకుండా ఉచితంగా వకీలును ఇస్తారు. జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు పో, లేదంటే 15100కు ఫోన్ చెయ్యి.

చదివేటప్పుడు చనిపోయినాయన పేరు దాటేసి పోవద్దు. ఇట్లాంటి కేసుల్లో మొదటి సాక్షి చాలాసార్లు ఆయన భార్యో కొడుకో అయ్యుంటారు. వాళ్ళ మాటలు చదవడం కష్టంగానే ఉంటుంది, అయినా చదువు. మీ నాయన మీద ప్రేమ చంపుకోమని కాదు. ఆ ఇంటి సంగతి తెలియకుండా నువ్వు ఆయన్ను అడిగేది సగం ప్రశ్నే అవుతుంది.

మీ అమ్మతో నాయన ఇంట్లో లేనప్పుడు మాట్లాడు. "ఎందుకు దాచావు" అని మొదలుపెడితే ఏడుస్తుంది, మాట అక్కడే ఆగిపోతుంది. ఆమె గురించి అడుగు. దేవుని కడపకు పోయొస్తానని చెప్పి ములాఖత్‌కు పోయిందని అనుమానంగా ఉందన్నావు గదా, ఎవరితో పోయేది, చేతిలో డబ్బులు ఎక్కడివి, అక్కడ ఆయనతో ఏం మాట్లాడేది, ఇవి అడుగు. చెప్తుంటే మధ్యలో అడ్డురాకు. ఆమె మీద కోపం తర్వాతైనా పడొచ్చు, నీకు ఆ హక్కుంది.

పెళ్ళి సంబంధం విషయంలో నా మాట గట్టిగానే ఉంటుంది. నిశ్చితార్థానికి ముందే, మధ్యవర్తితో కాకుండా నువ్వే అబ్బాయికి చెప్పు. మా నాయన హత్య కేసులో శిక్ష అనుభవించి వచ్చాడు, నాకు ఈమధ్యే తెలిసింది అంటే చాలు. కథంతా విప్పక్కర్లేదు, బతిమాలక్కర్లేదు. మన వైపు ఎవరో ఒకరి బంధువు ఆ ఊళ్ళో ఉండనే ఉంటాడు, పెళ్ళయ్యాక తెలిస్తే ఆ అబద్ధం నీది అవుతుంది. సంబంధం తప్పిపోతే పోనీ.

ఉద్యోగం గురించి టెన్షన్ వద్దు. ఉద్యోగంలో చేరేటప్పుడు నింపే అటెస్టేషన్ ఫారంలో అడిగేది నీ మీద ఉన్న కేసుల గురించి, మీ నాయన మీద ఉన్నవి కాదు. పాస్‌పోర్ట్ వెరిఫికేషన్ కూడా అంతే.

ఆయన్ను క్షమించాలా అని అడిగావు. ఇప్పుడే తేల్చుకోవాల్సిన అవసరం లేదు. ఒకే ఇంట్లో ఉంటూ కొన్నాళ్ళు మాట్లాడకపోయినా తప్పు లేదు, అన్నం మాత్రం మానొద్దు. రాత్రిళ్ళు మరీ గుబులుగా ఉంటే మనసు బాగోలేనివాళ్ళ కోసం ప్రభుత్వం నడిపే టెలి మానస్ 14416కు ఫోన్ చెయ్యి, తెలుగులోనే మాట్లాడతారు, డబ్బులు అడగరు.

కాపీ చేతికి రాగానే ఒక్కదానివే కూర్చుని చదవకు, నా దగ్గరికి తీసుకురా. ఆ కోర్టు భాష నేను విడమర్చి చెప్తా. నాయనను ఏమడగాలో ఆ తర్వాత ఇద్దరం కూర్చుని రాసుకుందాం.

నీ వకీలు పెద్దమ్మ