రియల్ ఎస్టేట్ క్లాసుకు గెస్ట్ లెక్చరర్‌గా ఎవరిని పిలవాలి?

అనంతపురంలో ఎంబీఏ పిల్లలకు రియల్ ఎస్టేట్ సబ్జెక్టు చెబుతున్నామని, ఫీల్డ్‌లో ఉన్నవాళ్లతో గెస్ట్ లెక్చర్లు పెట్టిస్తే లాభమేనా అని అడిగారు. లాభమేనండీ, కాకపోతే ఎవరిని పిలుస్తున్నారన్నది ముఖ్యం.

నన్నడిగితే పేరున్న బిల్డర్ కంటే ముందు, రిజిస్ట్రేషన్ ఆఫీసు దగ్గర ఏళ్లుగా దస్తావేజులు రాస్తున్న డాక్యుమెంట్ రైటర్‌ని పిలవండి. ఒక సర్వే నంబరుకు ఈసీ (ఆ ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్ల చిట్టా), అడంగల్ (సాగు వివరాల రికార్డు), 1బీ (భూమి ఎవరి పేరున ఉందో చెప్పే రెవెన్యూ రికార్డు) పక్కపక్కన పెట్టి చదివించమనండి. ఈసీలో ఒక పేరు, 1బీలో ఇంకో పేరు ఉంటే అమ్మేవాళ్లని ఏం అడగాలి? ఆ నంబరు 22ఏ నిషేధిత జాబితాలో, అంటే రిజిస్ట్రేషన్ చేయకూడని భూముల జాబితాలో ఉందా? మన సీమలో ఎక్కడికెళ్లినా ఎదురయ్యే డీకేటీ పట్టాల, అంటే ప్రభుత్వం పేదలకిచ్చిన (అసైన్డ్) భూముల పట్టాల సంగతేంటి? 1977 నాటి అసైన్డ్ భూముల చట్టం, తర్వాతి సవరణలు అప్పుడు పిల్లలకు నిజంగా తలకెక్కుతాయి.

లోన్ ఇచ్చే ముందు బ్యాంకు తరఫున ఆస్తి విలువ కట్టే ప్యానెల్ వాల్యుయర్‌దీ ఒక క్లాసు పెట్టండి.

బిల్డర్ వస్తే బ్రోచర్ చూపించి వెళ్లిపోనివ్వకండి. 2016 రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ) చట్టం ప్రకారం కొనుగోలుదారుల సొమ్ములో 70 శాతం ప్రత్యేక ఖాతాలో ఉండాలి కదా, అందులోంచి డబ్బు తీయాలంటే ఇంజనీరు, ఆర్కిటెక్ట్, సీఏ సర్టిఫికెట్లు ఎలా తెస్తారో చెప్పమనండి. పేర్లు కొట్టేసిన పాత ఫైలు ఒకటి తెస్తే మరీ మంచిది. ఆ ఫైలు మీదే ఇంటర్నల్స్‌లో ఒక ప్రశ్న ఇవ్వండి, లేకపోతే సగం మంది క్లాసుకే రారు.