సైనికాధికారి మరణవార్త: పత్రిక కంటే ముందు ఇంటికి తెలియాలి

ఒక సైనికాధికారి మరణించినప్పుడు కుటుంబం నొచ్చుకోకుండా, ఆయన గౌరవానికి లోటు రాకుండా ఆ వార్తను పత్రికలో ఎలా ఇవ్వాలి, ఎడిటర్లు దాని గురించి ఏమని చర్చించుకుంటారు అని మీరు అడిగారు. విజయనగరంలో ఒక దినపత్రిక జిల్లా డెస్కులో చాలా కాలం సబ్ ఎడిటర్‌గా పనిచేసినవాడిగా నా అభిప్రాయం చెబుతాను. శీర్షికలో ఏ మాట వేయాలన్నది తర్వాతి సంగతి. ఆ ఇంట్లో ఎవరెవరికి ఈ కబురు చేరింది, ఎవరికి ఇంకా చేరలేదు అన్నది డెస్కులో మొట్టమొదట అడగవలసిన ప్రశ్న. దానికి జవాబు దొరికేదాకా పేరు, ఊరు, ఫొటో అచ్చు వేయకూడదు. దీనికి మినహాయింపు ఉండాలని నేను అనుకోను.

రాజధానిలో కూర్చుని మొదటి పేజీ దిద్దేవారికి ఈ ఇబ్బంది అంతగా తెలియదు. 1989లో ఈనాడు జిల్లా ఎడిషన్లు తెచ్చి, ఆ తర్వాత మిగతా పత్రికలూ అదే దారి పట్టాక, మరణవార్తను అందరికంటే ముందు చదివేది చనిపోయిన మనిషి వీధిలోని వాళ్లే. ఉద్దానం మొదలుకొని విజయనగరం పల్లెల దాకా, వీధికి ఇద్దరు ముగ్గురు కుర్రాళ్లు మిలటరీలో ఉన్న ఊళ్లు మనకు చాలా ఉన్నాయి. అలాంటి ఊళ్లో తెల్లవారుజామున పడే పేపరును కుటుంబానికి అందే తొలి కబురుగా మార్చే హక్కు ఏ ఎడిటర్‌కూ లేదు.

ఒక చలికాలం రాత్రి, ఎడిషన్ వదలడానికి ఇంకా కొంత సమయం ఉందనగా, కశ్మీర్‌లో సైనిక వాహనం లోయలో పడి ఒక కెప్టెన్, కొందరు జవాన్లు మరణించారని ఏజెన్సీ వార్త వచ్చింది. అందులో పేర్లు లేవు. కాసేపటికే మా కంట్రిబ్యూటర్, అంటే ఊళ్ల నుంచి వార్తలు పంపే విలేకరి, ఫోన్ చేసి, ఆ కెప్టెన్ తన మండలంలోని కుర్రాడేనని, తండ్రికి యూనిట్ నుంచి ఫోన్ వచ్చిందని, తన చేతిలో ఫొటో కూడా ఉందని చెప్పాడు. ఇక డెస్కులో వాదన మొదలయింది. వార్త ఖాయమైంది కదా, పక్క పత్రికవాళ్లకు కూడా ఆ ఊళ్లో మనిషి ఉన్నాడు, పొద్దున మన దాంట్లో లేకపోతే పైనుంచి వివరణ అడుగుతారు అని ఇన్‌ఛార్జి అన్నారు. ఆయన చెడ్డవాడు కాడు, ఆయన భయం నిజమైనదే. మాలో అందరికంటే సీనియర్ అయిన ఒక మహిళా సబ్ ఎడిటర్ మాత్రం, ఆ ఇంటివాళ్లతో మాట్లాడకుండా తాను పేజీ పెట్టనని తేల్చి చెప్పారు. నేను ఆమె పక్షాన నిలబడ్డాను.

కంట్రిబ్యూటర్ వెళ్లి తండ్రిని వీధి చివరికి పిలిచి మాట్లాడాడు. ఆయన చెప్పింది ఫోన్లో మాకు వినిపించాడు: "బాబూ, ఆల్లమ్మకి ఇంకా సెప్పనేదు. గుండె జబ్బు మనిసి. మా తమ్ముడు రాత్రి బండికి వొస్తన్నాడు, ఆడొచ్చినాక సెప్తాం. అందాకా ఏటీ రాయొద్దు." అది విన్నాక కూడా, పేరు వేయకుండా "ఉత్తరాంధ్రకు చెందిన కెప్టెన్" అని రాస్తే సరిపోతుంది కదా అని ఒకరు మధ్యేమార్గం చెప్పారు. అది మరీ క్రూరమైన పని అని నేను గట్టిగా వాదించాను. కొడుకు కశ్మీర్‌లో ఉన్న ప్రతి తల్లీ ఆ ఒక్క ముక్క చదివి, ఫోన్ కలిసేదాకా కూలబడిపోతుంది. వివరం ఇస్తే పూర్తిగా ఇవ్వాలి, లేకపోతే అసలే ఇవ్వకూడదు. చివరకు రాష్ట్ర పేజీలో ప్రమాదం గురించి మాత్రమే వేసి, జిల్లా పేజీలో ఏమీ ఇవ్వకుండా ఎడిషన్ వదిలాం.

పక్క పత్రికలో పేరు, ఊరు, పాస్‌పోర్టు ఫొటో అన్నీ వచ్చాయి. అయితే ఆ ఊరి పేపర్ ఏజెంటు కట్టలు విప్పగానే సంగతి గ్రహించి, మా పత్రికతో సహా ఆ వీధికి వెళ్లవలసిన పేపర్లన్నీ తన కొట్లోనే ఉంచేశాడు. చిన్నాన్న బస్సు దిగి ఇంటికి వెళ్లి, దగ్గరి బంధువుల మధ్య ఆ తల్లికి చెప్పాడని తెలిసేదాకా ఒక్క కాగితం బయటికి ఇవ్వలేదు. పేపరు రాలేదని ఆ వీధిలో ఒక్కరు కూడా అడగలేదట. ఆయన చేసిన పనికి ఏ పత్రికైనా ఆయనకు కృతజ్ఞతలు చెప్పవలసింది, ఎవరూ చెప్పలేదు.

మర్నాడు రెండో వాదన. మా కంట్రిబ్యూటర్ పంపిన కాపీలో ఆ అధికారి ఉగ్రవాదులతో పోరాడుతూ నేలకొరిగాడని ఉంది. ఊళ్లో అందరూ అలాగే అంటున్నారని, తల్లిదండ్రులకు అదే ఊరట అని ఆయన సమర్థన. మంచు పట్టిన కొండదారిలో తన మనుషులతో విధి మీద వెళుతూ చనిపోయిన వాడి గౌరవం, ప్రమాదాన్ని ప్రమాదమని రాస్తే ఎందుకు తగ్గుతుందో నాకు ఇప్పటికీ అర్థం కాదు. పోరాటంలో పోయిన ప్రాణాన్నీ, విధుల్లో ఇతర కారణాలతో పోయిన ప్రాణాన్నీ సైన్యం వేర్వేరు వర్గాల కింద నమోదు చేస్తుంది. కుటుంబానికి వచ్చే పింఛను తరహా కూడా దాన్ని బట్టే ఉంటుంది. విచారణలో తేలవలసిన విషయాన్ని కంట్రిబ్యూటర్ ఊహతో ముందే అచ్చు వేస్తే, తర్వాత సైన్యం వేరే మాట చెప్పినప్పుడు ఆ తల్లిదండ్రులకు అది రెండో దెబ్బ.

హోదా విషయంలో మన పత్రికల అలక్ష్యం నన్ను ఎప్పుడూ బాధిస్తుంది. అధికారి హోదాకు కింద ఉండే సుబేదారును అధికారి అనీ, కెప్టెన్‌ను జవాను అనీ, కేంద్ర పోలీసు బలగమైన సీఆర్‌పీఎఫ్‌లో పనిచేసినవాణ్ణి ఆర్మీ అనీ రాసేస్తారు. ఆ రోజు వచ్చిన కెప్టెన్ ఫొటోలో భుజం మీద రెండు నక్షత్రాలే ఉన్నాయి, అంటే అది లెఫ్టినెంట్‌గా ఉన్నప్పటిది. 1962 నుంచి ఈ ప్రాంతపు పిల్లల్ని సైన్యానికి తయారుచేస్తున్న కోరుకొండ సైనిక పాఠశాలలోనే ఆయన చదివాడు కాబట్టి, సహాధ్యాయి ఒకరు హోదా, రెజిమెంటు సరిచూసి మూడు నక్షత్రాల ఫొటో పంపారు. శవపేటిక మీది జెండాతో సహా దహనం చేశారన్న వాక్యాన్ని కూడా ఆ సీనియర్ సహోద్యోగే కొట్టేశారు. 2002 నాటి జెండా నియమావళి ప్రకారం పతాకాన్ని చితిలో కాల్చకూడదు. సైనిక అంత్యక్రియల్లో దాన్ని మడిచి కుటుంబం చేతికి ఇస్తారు.

పేటిక మీద పడి ఏడుస్తున్న తల్లి ఫొటో వేయాలా అన్నదాని మీద ఎక్కువసేపు వాదించుకున్నాం. అది వేయలేదు. ఊరి మొదట్లో రోడ్డుకు రెండు వైపులా బారులు తీరిన బడిపిల్లల ఫొటో వేశాం. దుఃఖంలో ఉన్న మనిషి కెమెరాకు అనుమతి ఇవ్వలేదు, కాదనే స్థితిలోనూ లేదు. అందుచేత ఆ అనుమతి లేదనే అనుకోవాలి.

సైన్యం ఆలస్యంగా చెబుతుంది కాబట్టి మేమే ముందు చెప్పాలి అనే వాదన నాకు నచ్చదు. 2020 జూన్ 16 మధ్యాహ్నం, లద్దాఖ్‌లోని గల్వాన్ లోయలో చైనా సైనికులతో జరిగిన ఘర్షణ గురించి సైన్యం ఒక అధికారి, ఇద్దరు జవాన్లు మరణించారని చెప్పింది, ఆ రాత్రికి ఆ సంఖ్య 20 అయింది. ఆ మధ్యలోని గంటల్లో ఊహలతో పేర్లు వేసి ఉంటే ఎన్ని ఇళ్లు తల్లడిల్లేవో ఆలోచించండి. 2021 డిసెంబర్ 8న కూనూరు దగ్గర హెలికాప్టర్ కూలినప్పుడు అప్పటి త్రివిధ దళాల అధిపతి జనరల్ బిపిన్ రావత్ మరణాన్ని వైమానిక దళం సాయంత్రం ఆరు దాటాకే ప్రకటించింది. 2016 జులై 22న చెన్నై నుంచి పోర్ట్ బ్లెయిర్ వెళుతూ 29 మందితో కనిపించకుండా పోయిన వైమానిక దళ రవాణా విమానం ఏఎన్-32లో విశాఖ నౌకాదళ ఆయుధ డిపో ఉద్యోగులు 8 మంది ఉన్నారు. దాని శకలాలు సముద్రగర్భంలో దొరికాయన్న ప్రకటన 2024 జనవరిలో గానీ రాలేదు. అలాంటి ఇంటి గురించి రాసేటప్పుడు "ఆచూకీ లేదు" నుంచి "మరణించారు"కు మారే అధికారం పత్రికది కాదు.

మరణం ఆత్మహత్య అయినప్పుడు మరింత జాగ్రత్త కావాలి. ఎలా చేసుకున్నారో వర్ణించవద్దని, సంచలన శీర్షికలు పెట్టవద్దని ప్రెస్ కౌన్సిల్ 2019లో మార్గదర్శకాలు ఇచ్చింది. ఆ మార్గదర్శకాలు యూనిఫాం వేసుకున్నవారికీ వర్తిస్తాయి. అధికారి కుటుంబ కలహాల గురించి ఇరుగుపొరుగు చెప్పిన మాటలు అచ్చు వేయడానికి ఏ కారణమూ సరిపోదు.

ఇంకొక బాధ. ఇలాంటి వార్తలో సగభాగం పరామర్శకు వచ్చిన నాయకుల పేర్లే ఆక్రమిస్తాయి. సాయంగా ఇచ్చే సొమ్ము ఎంతో శీర్షికలోకి ఎక్కుతుంది, పిల్లలు ఏ బడిలో చదువుతున్నారో, ఇల్లు ఏ సందులో ఉందో కూడా రాస్తారు. ఇవేవీ పాఠకుడికి అక్కర్లేదు. ఆయన ఏ రెజిమెంటులో ఉన్నారు, ఎక్కడ చదువుకున్నారు, ఏ పని మీద వెళుతుండగా ఏం జరిగిందని సైన్యం చెప్పింది, భౌతికకాయం విశాఖ నుంచి ఊరికి ఎప్పుడు చేరుతుంది, అంత్యక్రియలు ఎక్కడ అన్న వివరాలు, ఇంటివాళ్లు ఇవ్వడానికి ఒప్పుకున్న ఒక మంచి ఫొటో ఉంటే చాలు. నాయకుల సంతాపాలకు ఆ రోజు పేజీలో వేరే చోటు చూసుకోవచ్చు.