నాగపూర్‌లో దించి, పూణేకు ఎక్కించవచ్చా?

ప్రశ్న: మా లారీ ఏపీ రిజిస్ట్రేషన్. నేషనల్ పర్మిట్ ఉంది. నాగపూర్‌లో మిర్చి దించాక అక్కడి ఏజెంటు పూణేకు లోడు ఇస్తానంటున్నాడు. వెళ్లవచ్చా?
– లారీ యజమాని, గుంటూరు

జవాబు: వద్దండీ. రెండూ మహారాష్ట్రలోవే. నేషనల్ పర్మిట్ బండి పరాయి రాష్ట్రంలో ఒక ఊళ్లో సరుకు ఎక్కించి, అదే రాష్ట్రంలో ఇంకో ఊళ్లో దించకూడదు. పర్మిట్ షరతు మీరితే చట్టంలో 10,000 రూపాయల జరిమానాతో పాటు జైలు కూడా ఉంది. ‘ఈ-వే బిల్లు ఉందిగా’ అని ధైర్యం చెప్పే ఏజెంట్లను చాలామందిని చూశాను. అది జీఎస్టీ కాగితం, దానికీ పర్మిట్‌కూ సంబంధం లేదు. చెకింగ్‌లో టెన్షన్ పడేది పాపం మీ డ్రైవరే. ఒక పూట ఆగినా సరే, హైదరాబాద్ లోడు చూసుకోండి. అన్నట్టు, పర్మిట్ ఆథరైజేషన్ (బయటి రాష్ట్రాల్లో తిరగడానికి ఇచ్చే అనుమతి) ఏడాదికే చెల్లుతుంది. గడువు తేదీ ఇవాళే చూడండి.