చీటీ రాసిస్తే సరిపోదు, అమ్మణ్ణీ

అమ్మణ్ణీ,

మీ సబ్‌సెంటర్లో ఆడవాళ్ళకి రొమ్ము పరీక్షలు మొదలుపెడుతున్నావని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. నా చెల్లెలి కూతురు నా దారిలోనే నడుస్తోందని ఊరంతా చెప్పుకున్నా. రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు. ముప్పై ఏళ్ళు కందుకూరు, పొదిలి పల్లెల్లో ఏఎన్నెమ్ నర్సుగా తిరిగిన దాన్ని, నా భయం నాది.

మైకులో క్యాన్సర్ అని చెప్పించకు, ఒక్కరూ రారు. బీపీ, షుగర్ చూస్తామని పిలువు, ముప్పై దాటిన వాళ్ళకి లోపల విడిగా చెప్పి, సరేనంటేనే చూడు. తలుపుకి గడియ ఉండాలి, కిటికీకి పాత చీరైనా కట్టు. బహిష్టు అయ్యే వాళ్ళని అది మొదలైన వారం తర్వాత రమ్మను. చంకలో కూడా చూడాలి. ఇవన్నీ ట్రైనింగులో చెప్పే ఉంటారు.

రొమ్ముకి ఎక్స్‌రే తీసే మామోగ్రాం మిషన్ లేదని చిన్నబుచ్చుకోకు. ముంబైలో టాటా ఆసుపత్రి వాళ్ళు 1998లో మొదలుపెట్టి, లక్షన్నర మంది ఆడవాళ్ళని ఇరవై ఏళ్ళు గమనించారు. అందులో సగం మందికి రెండేళ్ళకోసారి చేత్తోనే పరీక్ష చేశారు. చేసింది డాక్టర్లు కాదు, మనలా ట్రైనింగ్ తీసుకున్న ఆడవాళ్ళే. యాభై దాటిన వాళ్ళలో ఈ జబ్బుతో చావులు దాదాపు 30 శాతం తగ్గాయి. కాబట్టి నీ చేతుల మీద నాకు అనుమానం లేదు. నా భయమంతా గడ్డ దొరికాక ఏం చేస్తావనే.

1996 ఎండాకాలం. పొగాకు గ్రేడింగ్ నుంచి నేరుగా ఒకామె వచ్చింది, ఒళ్ళంతా పొగాకు వాసన. రేగిపండంత గడ్డ, నొప్పి లేదంది. పట్టి చూశా, కదల్లేదు. చీటీ రాసిచ్చి "రేపే ఒంగోలు వెళ్ళు" అన్నా. రిజిస్టర్లో పంపించానని రాసి, ఎర్ర సిరాతో టిక్కు పెట్టా. ఆ నెల కుటుంబ నియంత్రణ ఆపరేషన్ల టార్గెట్ నెత్తి మీద ఉంది, ఆమెని మర్చేపోయా.

డిసెంబరులో పోలియో చుక్కలకి ఆ వీధికి వెళితే, పమిట చాటున గుడ్డ అదిమి పట్టుకుని అరుగు మీద కూర్చుంది. గడ్డ పగిలింది. చుట్టూ చర్మం నారింజ తొక్కలా అయింది. నేను అరిచా, ఎందుకు వెళ్ళలేదని. లేచి లోపలికి వెళ్ళి పోపుల డబ్బాలోంచి నా చీటీ తీసుకొచ్చింది. "జాగ్రత్తగానే పెట్టానమ్మా" అంది. పనికి పోకపోతే కూలీ పోతుంది. మొగుడు లారీ మీద పోతే నెలకి వస్తాడు. ఒంగోలులో ఏ కిటికీ దగ్గర నిలబడాలో తెలియదు. నొప్పి ఎలాగూ లేదు. ఆ ఉగాది ఆమె చూడలేదు.

ఇవేవీ నేను అడగలేదమ్మా. టిక్కు మాత్రం పెట్టా.

అందుకని నీ రిజిస్టర్లో ఇంకో మూడు గళ్ళు గీసుకో: తోడు ఎవరు, ఏ రోజు వెళ్ళింది, అక్కడ ఏం చెప్పారు. అవి నిండేదాకా ఆ పేరు మూయకు. చాలా గడ్డలు క్యాన్సర్ కావని ముందే చెప్పు, లేకపోతే భయంతో ఇంట్లో దాచుకుంటారు. అత్తగారితో నువ్వే మాట్లాడు. ఆధార్, రేషన్ కార్డు సంచిలో పెట్టించు. అప్పుడు ఆరోగ్యశ్రీ లాంటి పథకం లేదు, ఇప్పుడు ఖర్చుకి దారి ఉంది. ఎవరూ తోడు లేకపోతే నువ్వో ఆశానో బస్సెక్కండి.

నువ్వు మొదలుపెట్టి వదిలేసే రకం. కుట్టు మిషన్ ఇంకా కవరు కిందే ఉందట. నాకు టైఫాయిడ్ వస్తే రాత్రంతా తడిగుడ్డ వేసింది కూడా నువ్వే, అదీ గుర్తుంది.

ఊరందరికీ చెప్పిన నేను, అరవై నాలుగేళ్ళొచ్చినా ఇంతవరకు ఎవరికీ చూపించుకోలేదు. సిగ్గు. శనివారం పొద్దున కనిగిరి బస్సెక్కుతున్నా. నా పేరు రాసి పెట్టు. నీ చేతులు ఎప్పుడూ చల్లగా ఉంటాయి, నేనొచ్చే ముందు కాస్త వేడినీళ్ళలో పెట్టుకో.

మీ పెద్దమ్మ