ఎముకలు గుల్లబారిన అమ్మకి ఏం పెట్టాలి?

మీ అమ్మగారికి 67 ఏళ్ళు, దొడ్లో జారిపడి మణికట్టు విరిగింది, డెక్సా స్కాన్‌లో (ఎముక గట్టిదనం చూసే పరీక్ష) టీ-స్కోరు మైనస్ 2.8 వచ్చింది, రోజూ మేక కాళ్ళ సూప్, కాల్షియం మాత్ర ఇస్తే చాలా అని అడిగారు. మాది రాజోలు దగ్గరండి. మా అత్తయ్యగారిదీ ఇంచుమించు ఇదే పరిస్థితి, అందుకే రాస్తున్నాను.

సూప్ ఇష్టమైతే తాగనివ్వండి. కానీ ఎముకల్ని ఎంతసేపు మరిగించినా నీళ్ళలోకి దిగే కాల్షియం చాలా తక్కువ. ఆ డబ్బులకి కట్టె పరిగెలు కొనండి. ముల్లుతో సహా నమిలేసే చిన్నచేప ఏదైనా సరే, దీనికోసం పుస్తెలమ్మి పులస తేనక్కర్లేదు. ఎండు నెత్తళ్ళలోనూ కాల్షియం బాగా ఉంటుంది గానీ ఉప్పు ఎక్కువ, బీపీ ఉంటే జాగ్రత్త.

ఈ వయసులో రోజుకి 1,200 మిల్లీగ్రాముల వరకూ కాల్షియం కావాలి. గ్లాసు పాలలో 240 దాకా వస్తుంది, గుప్పెడు రాగిపిండిలో ఓ వంద. మునగాకు పప్పు, నువ్వుల చిమ్మిలి కూడా మంచివే. నువ్వులు వేడి చేస్తాయని అత్తయ్యగారు ఇప్పటికీ గొణుగుతారు, తినడం మాత్రం మానరు.

అసలు చిక్కు రాత్రి భోజనం దగ్గర ఉంది. మావయ్యగారు పోయాక అత్తయ్యగారు రాత్రిపూట అన్నం మానేసి ఫలహారం పట్టారు. ఫలహారం అంటే కాస్త ఉప్మా, లేదా రెండు ఇడ్లీ, అందులోకి కొబ్బరి పచ్చడి. పగలు చూస్తే అన్నంలో ఆవకాయ, చివర మజ్జిగ. ఇంక మాంసకృత్తులు ఎక్కణ్ణుంచి వస్తాయి? అవి చాలకపోతే కండ తగ్గుతుంది, కాలు నిలవదు, మళ్ళీ పడతారు. పెద్దవాళ్ళకి కిలో బరువుకి గ్రాము నుంచి 1.2 గ్రాముల దాకా కావాలంటారు. అంటే 50 కిలోల మనిషికి 50-60 గ్రాములు. ఆవిడ నియమం జోలికి వెళ్ళలేదు. ఉప్మా బదులు పెసరట్టు, పడుకునే ముందు గ్లాసు పాలు, మధ్యాహ్నం చేప గానీ గుడ్డు గానీ, గట్టి పప్పు, పెరుగు. మీ అమ్మగారికి కిడ్నీ ఇబ్బంది ఉంటే మాత్రం ముందు డాక్టర్ని అడగండి.

పొద్దున్నే నీరెండలో అరుగు మీద కూర్చుంటే విటమిన్ డి పెద్దగా రాదు. పది దాటాక చేతులకీ కాళ్ళకీ కాసేపు ఎండ తగలాలి. పరీక్షలో తక్కువ వస్తే వారానికొకటి 60,000 యూనిట్లది రాస్తారు. చెప్పిన వారాలు అవగానే ఆపేయాలి. మందుల షాపులో అడిగి నెలల తరబడి వేసుకుంటే రక్తంలో కాల్షియం పెరిగిపోతుంది.

మాత్రల టైము కూడా చూసుకోండి. కాల్షియం కార్బొనేట్ అయితే భోజనంతో వేసుకోవాలి. థైరాయిడ్ మాత్రకీ దీనికీ నాలుగు గంటల ఎడం ఉండాలి. మా ఇంట్లో పొద్దున్నే రెండూ కలిపి మింగేసేవారు, థైరాయిడ్ పరీక్షలో టీఎస్‌హెచ్ ఎందుకు దిగట్లేదో చాన్నాళ్ళు అంతుపట్టలేదు.

ఇంకోటి, ఒకసారి విరిగి స్కోరు మైనస్ 2.5 కన్నా దిగువన ఉంటే ఒట్టి కాల్షియం చాలదు. ఎముక అరుగుదల ఆపే మందు గురించి ఎముకల డాక్టర్ని మీరే అడగండి. వారానికొక మాత్ర రాస్తే పరగడుపున గ్లాసు నిండా మంచినీళ్ళతో మింగించి, అరగంట పడుకోనివ్వకండి, కాఫీ కూడా ఇవ్వకండి. మా అత్తయ్యగారితో గొడవంతా ఆ కాఫీ దగ్గరే.