అమ్మ గుండు సంగతి పిల్లలకు ఎలా చెప్పాలి?

ఇంట్లో పెద్ద జబ్బు వచ్చినప్పుడు, లేదా ఇంటి మనిషి చనిపోయినప్పుడు చిన్నపిల్లలకు బొమ్మల పుస్తకాలు ఎంతవరకు ఆసరా అవుతాయని అడుగుతూ ఈ నెల మూడు ఉత్తరాలు వచ్చాయి. రాసినవారి పేర్లు ప్రచురించడం లేదు.

ప్రశ్న: నా భార్యకు రొమ్ము క్యాన్సర్ అని తేలింది. తిరుపతిలోనే కీమోథెరపీ జరుగుతోంది. మాకు ఆరేళ్ల పాప, నాలుగేళ్ల బాబు ఉన్నారు. జుట్టు రాలడం మొదలుకాగానే నా భార్య తానే గుండు చేయించుకుంది. పిల్లలు భయపడతారని మా అమ్మ, “మీ అమ్మ కొండకు పోయి తలనీలాలు ఇచ్చి వచ్చింది” అని చెప్పింది. ఊళ్లో ఎటు చూసినా గుండ్లే కాబట్టి వాళ్లు నమ్మారు. ఇప్పుడు కొండకు వెళ్దామంటే బాబు రానని ఏడుస్తున్నాడు. పాప ఏమీ అడగదు కానీ, అమ్మ గదిలోకి వెళ్లడం తగ్గించింది. వాళ్లకు విషయం చెప్పడానికి తెలుగులో పుస్తకాలు ఉన్నాయా?
— ఒక తండ్రి, తిరుపతి

జవాబు: మీ అమ్మగారి మాటలో ప్రేమే ఉంది, తిరుపతిలో అంతకంటే సులువుగా నోటికి వచ్చే సాకు మరొకటి ఉండదు కూడా. కానీ ఆ మాటను బాబు ఎలా విన్నాడో ఆలోచించండి. అమ్మ కొండకు వెళ్లింది, గుండుతో వచ్చింది, అప్పటి నుంచి వాంతులు చేసుకుంటోంది, తనను ఎత్తుకోవడం లేదు. నాలుగేళ్ల వయసులో పిల్లలు ఒకదాని వెంట ఒకటి జరిగిన వాటిని ఒకదాని వల్ల మరొకటి జరిగినట్టుగా ముడివేసుకుంటారు కాబట్టి, అమ్మకు జబ్బు తెచ్చింది కొండే అని వాడు తేల్చుకుని ఉండవచ్చు. పాప సంగతి వేరు. గుండు చేయించుకున్న పిల్లలకు కొన్ని వారాల్లోనే జుట్టు మొలవడం ఆమె చూసే ఉంటుంది, అమ్మకు ఎందుకు మొలవడం లేదోనని లోలోపల లెక్క వేసుకుంటూనే ఉంటుంది. అడగడం లేదంటే తెలుసుకోవాలని లేదని కాదు. అడిగితే పెద్దవాళ్ల ముఖాలు మారిపోతాయని ఆమె కనిపెట్టి ఉంటుంది.

అందువల్ల పుస్తకం తర్వాతి సంగతి, ముందు మీ నోటితో మీరు చెప్పాలి. మీ భార్యకు ఓపిక ఉన్న రోజున ఇద్దరూ కూర్చుని, జబ్బు పేరుతో సహా చెప్పండి: “అమ్మ ఒంట్లో క్యాన్సర్ అనే జబ్బు ఉంది. దాన్ని తగ్గించడానికి డాక్టర్లు చాలా గట్టి మందు ఇస్తున్నారు. ఆ మందు వల్ల జుట్టు కూడా రాలిపోతుంది. అవ్వ కొండ అని చెప్పింది మీరు భయపడకూడదని. అసలు సంగతి ఇది.” పేరు చెప్పకుండా ఉత్త “జబ్బు” అని ఊరుకుంటే, రేపు తమకు జలుబు చేసినా అమ్మలాగే అయిపోతామని పిల్లలు భయపడతారు. కీమో మందులు త్వరత్వరగా పెరిగే కణాల మీద పనిచేస్తాయి, జుట్టు కుదుళ్లు కూడా అలాంటివే కాబట్టి జుట్టు రాలుతుంది, చికిత్స పూర్తయ్యాక కొన్ని నెలల్లో సాధారణంగా మళ్లీ వస్తుంది. ఈ మాత్రం వివరం ఆరేళ్ల పాపకు చక్కగా అర్థమవుతుంది.

పిల్లలు అడగకపోయినా మూడు మాటలు చెప్పి తీరాలి. వాళ్లు అల్లరి చేసినందుకో, అమ్మ మీద అలిగినందుకో ఈ జబ్బు రాలేదు. పక్కన పడుకుంటే, ముద్దు పెట్టుకుంటే ఇది అంటదు. అమ్మ ఆసుపత్రిలో ఉన్న రోజున బడి నుంచి ఎవరు తీసుకొస్తారో, అన్నం ఎవరు పెడతారో ముందే తెలుస్తుంది. మొదటిదాన్ని చాలామంది తేలికగా వదిలేస్తారు. తన కోపం వల్లే అమ్మ మంచాన పడిందని నమ్మే పసివాడు ఆ సంగతి ఎవరికీ చెప్పడు. రెండో మాటకు ఒక మెలిక ఉంది: కీమో జరుగుతున్నప్పుడు రోగనిరోధక శక్తి తగ్గుతుంది కాబట్టి, పిల్లలకు జ్వరమో దగ్గో ఉంటే అమ్మకు దూరంగా ఉండమని డాక్టర్లు చెబుతారు. అప్పుడు “నీ వల్ల అమ్మకు ప్రమాదం” అనకుండా, “నీ దగ్గు తగ్గేదాకా తలుపు దగ్గర నుంచి మాట్లాడుకుందాం” అంటే సరిపోతుంది. “అమ్మ చచ్చిపోతుందా?” అని పాప అడిగితే లేనిపోని మాట ఇవ్వకండి. “డాక్టర్లు మంచి మందులు ఇస్తున్నారు, అమ్మ బాగవుతుందని మేమందరం ఆశిస్తున్నాం, ఏదైనా మారితే మీకు తప్పకుండా చెప్తాం” అనడం నిజమూ అవుతుంది, ధైర్యమూ ఇస్తుంది.

ఇక పుస్తకాల గురించి. బొమ్మల పుస్తకం ఇలాంటి సమయంలో పనికిరావడానికి ఒక కారణం చాలా మామూలుది: పిల్లలూ పెద్దలూ ఒకరి ముఖం ఒకరు చూసుకోకుండా, ఇద్దరూ ఒకే బొమ్మను చూస్తూ మాట్లాడుకోవచ్చు. ఎదురుగా కూర్చోబెట్టి అడిగితే నోరు విప్పని పాప, బొమ్మలోని కుందేలు ఎందుకు ఏడుస్తోందో చెప్పేటప్పుడు తన సంగతే చెబుతుంది. పైగా పుస్తకంలో వెనక్కి వెళ్లవచ్చు, భయం వేసిన పేజీని మూసేయవచ్చు. ఇంట్లో ఏదీ తమ చేతిలో లేని రోజుల్లో పిల్లలకు అది చిన్న విషయం కాదు.

తెలుగులో ఈ విషయం మీద పుస్తకాలు కోకొల్లలుగా దొరుకుతాయని ఆశపెట్టుకోకండి. ప్రథమ్ బుక్స్ సంస్థ 2015లో ప్రారంభించిన స్టోరీవీవర్ అనే వెబ్‌సైటులో తెలుగు బొమ్మల పుస్తకాలను ఉచితంగా చదవవచ్చు, దించుకుని అచ్చు వేయించుకోవచ్చు. చెన్నైలోని తులిక ప్రచురణలు, మన తెలుగు ప్రచురణ సంస్థ ‘మంచి పుస్తకం’ వారి ప్రచురణలు కూడా చూడండి. ఏ పుస్తకమైనా ముందు మీరు ఒంటరిగా చివరిదాకా చదవండి. ఏదో మాయతో జబ్బు మాయమయ్యే కథ అయితే పక్కన పెట్టేయండి, ఎందుకంటే మీ ఇంట్లో ఆ మాయ ఎందుకు జరగలేదని పిల్లలు అడుగుతారు. కథ పూర్తయ్యాక “నీతి ఏమిటి?” అని అడిగే అలవాటు మనందరికీ ఉంది, ఈ పుస్తకాల దగ్గర దాన్ని పూర్తిగా మానుకోవాలి. ఒకే పేజీని పదిసార్లు చదవమంటే పదిసార్లూ చదవండి, వద్దని లేచి వెళ్లిపోతే చేతికి అందేచోట ఉంచి ఊరుకోండి. నిద్రపుచ్చే ముందు కాకుండా, తర్వాత ఆడుకోవడానికి వెలుతురు మిగిలి ఉన్న వేళ చదవడం మేలు.

దొరికిన పుస్తకాల కంటే మీరు ఇంట్లో చేసుకునే పుస్తకమే మీ పిల్లలకు ఎక్కువ ఉపయోగపడుతుందని నా అభిప్రాయం. నాలుగైదు తెల్ల కాగితాలను మధ్యకు మడిచి, మడత మీద దారంతో కుట్టండి. ఫోనులోని ఫోటోలను జిరాక్స్ షాపులో తీయించి అతికించండి: జుట్టున్న అమ్మ, గుండుతో అమ్మ, మందు ఎక్కించే రోజున అమ్మ వెంట వెళ్లేది ఎవరు, ఆ రోజు పిల్లలు ఎవరి దగ్గర ఉంటారు, నీరసంగా ఉన్నప్పుడు కూడా అమ్మ పిల్లలతో చేయగలిగే పనులు ఏమిటి. మాటలు పాప చెప్పినట్టే రాయండి, బొమ్మలు బాబును వేయనివ్వండి, వాడు కొండ బొమ్మ వేస్తే అదీ ఉండనివ్వండి. చివర కొన్ని పేజీలు ఖాళీగా వదలండి. “అమ్మకు పూర్తిగా నయమైపోయింది” అన్న మాటను ఆ సంగతి నిజంగా తెలిసేదాకా ఏ పేజీలోనూ రాయవద్దు.

ప్రశ్న: మా ఆయన జీవితమంతా కలంకారీ పని చేసి, ఈమధ్యే పోయారు. మనవడికి ఐదేళ్లు. ఆ రోజు వాణ్ని పక్కింట్లో ఉంచి, “తాత ఊరికి పోయినాడు” అన్నాం. సాయంత్రమైతే అరుగు మీద కూర్చుని ఎదురుచూస్తున్నాడు. దినాలు అయినాక మా కోడలు “తాత చుక్కయినాడు” అని చెప్పింది. ఇప్పుడు మబ్బు పట్టిన రాత్రి తాత కనబడలేదని ఏడుస్తున్నాడు. ఏ కథ చెప్తే వీడికి ఊరట?
— ఒక అవ్వ, శ్రీకాళహస్తి

జవాబు: అమ్మా, మీ దుఃఖంలో ఉండి కూడా పిల్లవాడి గురించి రాశారు. హంగరీలో మూడు నుంచి పదేళ్ల పిల్లలు చావును ఎలా అర్థం చేసుకుంటారో మరియా నాగీ అనే మనస్తత్వవేత్త పరిశీలించి 1948లో ప్రచురించారు. ఐదేళ్ల లోపు పిల్లల్లో చాలామంది చావును ప్రయాణంగానో నిద్రగానో అనుకున్నారని, పోయినవారు ఇంకెక్కడో బతుకుతున్నారని నమ్మారని ఆమె గమనించారు. అంటే “ఊరికి పోయినాడు” అన్నప్పుడు, ఆ వయసుకు సహజంగా ఉండే పొరపాటునే మనం గట్టిపరుస్తున్నాం. ఊరికి పోయినవాళ్లు తిరిగి వస్తారు కాబట్టి వాడు అరుగు మీద కూర్చోవడంలో తప్పేమీ లేదు.

వాణ్ని దగ్గర కూర్చోబెట్టుకుని ఇలా చెప్పండి: “తాత చనిపోయినాడు. చనిపోతే ఒళ్లు పని చేయడం ఆగిపోతుంది. ఊపిరి ఆడదు, ఆకలి కాదు, నొప్పి తెలియదు. తాత తిరిగి రాడు. ఊరికి పోయినాడని మేము చెప్పింది నిజం కాదు.” దహనం సంగతి వాడి చెవిన పడి ఉంటే, తాతకు కాలిందేమోనన్న భయానికి “నొప్పి తెలియదు” అన్న మాటే జవాబు అవుతుంది. ఆ తర్వాత, తాత దేవుడి దగ్గర ఉన్నాడని మీరు నమ్మితే అదీ చెప్పవచ్చు. ముందు ఒంటి సంగతి, తర్వాత నమ్మకం, ఈ వరుస తప్పకూడదు. ఒక క్షణం ఏడ్చి మరుక్షణం గోలీలాడితే వాడికి అర్థం కాలేదని అనుకోకండి. పిల్లల దుఃఖం అలాగే విడతలు విడతలుగా వస్తుంది. కొన్నాళ్లు పక్క తడపడం, మిమ్మల్ని వదలకపోవడం కూడా ఉండవచ్చు.

కథ అడిగారు కాబట్టి ఒకటి చెబుతాను. బ్రిటన్‌కు చెందిన సూజన్ వార్లీ 1984లో బొమ్మలు వేసి రాసిన ‘బ్యాడ్జర్స్ పార్టింగ్ గిఫ్ట్స్’ అనే పుస్తకంలో బ్యాడ్జర్ అనే ముసలి జంతువు చనిపోతుంది. దాని నేస్తాలన్నీ దుఃఖపడి, వసంతం వచ్చాక కలుసుకుని, అది తమకు ఏమేమి నేర్పిందో ఒక్కొక్కటిగా చెప్పుకుంటాయి: ఒకదానికి మడిచిన కాగితం కత్తిరించి బొమ్మల వరుస చేయడం, ఇంకొకదానికి టై ముడి వేయడం. అందులో చావును పొడవాటి సొరంగంలోకి వెళ్లడంగా చూపించారు, అది నాకు అంతగా నచ్చదు. మీ వాడు సొరంగం ఎక్కడుందని అడుగుతాడు. నేర్పిన పనులు గుర్తు చేసుకోవడమన్న ఆలోచన మాత్రం మీ ఇంటికి సరిగ్గా సరిపోతుంది.

రామాయణాన్ని గళ్లు గళ్లుగా గీసి, కింద తెలుగులో మాటలు రాసే గుడ్డలు మీ ఊరివే కదా. ఆ పద్ధతిలోనే తాత పుస్తకం చేయించండి. కరక్కాయ, పాలలో తడిపి ఆరవేసిన గుడ్డ ముక్కలు కొన్ని తీసుకుని, ఒక్కో ముక్క మీద తాత నేర్పిన ఒక పని, లేదా తాత అలవాటు ఒకటి వాడి చేత గీయించండి: వెదురు కలం పట్టుకోవడం, తుప్పు పట్టిన ఇనుమునూ బెల్లాన్నీ నీళ్లలో నానబెట్టి నల్లరంగు చేయడం, పని మధ్యలో తాత ఏం తాగేవాడు, ఎవరి మీద కసురుకునేవాడు. కసురుకోవడం కూడా గీయనివ్వండి. ఆ నల్లరంగు కరక్కాయ తగిలిన గుడ్డను తాకగానే నల్లబడడం పిల్లలకు ఎంతో ఇష్టం. కింద వాడు చెప్పిన మాట మీరు రాయండి.

సంవత్సరీకం నాటికి అక్కడ ఏం జరుగుతుందో, కాకికి ఎందుకు పెడతారో ముందే చెప్పి, ఉంటావా అని వాణ్నే అడగండి. వారాలు గడిచినా తిండీ నిద్రా కుదరకపోయినా, తానూ తాత దగ్గరికే పోతానని మళ్లీ మళ్లీ అంటున్నా పిల్లల డాక్టరుకు చూపించండి. కేంద్ర ప్రభుత్వం 2022లో ప్రారంభించిన మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ మానస్‌కు 14416 నంబరులో ఫోన్ చేస్తే తెలుగులో మాట్లాడతారు.

ప్రశ్న: నా రెండో తరగతిలో ఒక పాపకు తల్లి చనిపోయింది. సోమవారం బడికి వస్తోంది. ఆ రోజు తరగతికంతా చావు గురించిన బొమ్మల పుస్తకం చదివి వినిపించాలనుకుంటున్నాను. మంచిదేనా?
— ఒక ఉపాధ్యాయురాలు, చిత్తూరు

జవాబు: ఆ రోజు వద్దు టీచర్‌గారూ. నలభై జతల కళ్లు తన వైపు తిరగడం ఆ పాపకు భరించరానిదవుతుంది. ఆమె రాకముందే, కుటుంబాన్ని అడిగి, మిగతా పిల్లలకు రెండు వాక్యాల్లో సంగతి చెప్పండి. ఆడుకోవడానికి ఎప్పటిలాగే పిలవమనండి, గుచ్చిగుచ్చి అడగవద్దనండి. పుస్తకాన్ని చదివే మూలలో మిగతా వాటితో కలిపి ఉంచితే, ఆమె చేయి దాని మీద పడిన రోజున మీరు పక్కన కూర్చోవచ్చు. తరగతికి వినిపించాలనుకుంటే కొన్ని వారాలు ఆగి, ముందు ఆమెను ఒంటరిగా అడిగి, వినాలని లేకపోతే బయటికి వెళ్లడానికి ఏదైనా పని అప్పగించండి. ఈలోగా ‘నా కుటుంబం’ పాఠమో, అమ్మకు కార్డు చేసే పనో వస్తుందేమో ఇప్పుడే చూసుకోండి. వస్తే, అమ్మ బొమ్మ వేస్తావా, ఇంట్లో ఇంకొకరి బొమ్మ వేస్తావా అని ముందు రోజే ఆమెను అడిగి ఉంచండి.